నీరటి డెల్ఫీనా నడుం బెల్టు

న్యూ మెక్సికో కొండల్లోని సౌసాల్ ఊళ్ళో డెల్ఫీనా నడుముకు తుపాకీ కట్టుకుని గట్టు మీద నిలబడిందంటే ఏరు వెనక్కి తిరిగి కొండెక్కేది. అబద్ధమైతే ఏటినే అడగండి. కొండ మీది మంచు కూడా ఆవిడ ఊఁ అంటే తప్ప కరిగేది కాదు. ఒక ఏడు పిడుగొకటి దిగబోయి, కింద ఎవరున్నారో చూసుకుని, పక్క జిల్లాకు వెళ్ళి పడింది. ఈ మాటలన్నిటికీ సాక్షి ఆవిడ మనవరాలు. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పి, బడికి దణ్ణం పెట్టేసిన పిల్ల గనక ఆ లెక్కలోంచి ఓ పిడుగు తీసేసుకున్నా తప్పులేదు.

నిజం దీనికన్నా పొట్టిది. డెల్ఫీనా కూడా పొట్టిదే. డెబ్బై ఒకటో ఏట కూడా మొగవాళ్ళ టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వాటి మధ్య మిగిలిన కాస్త జాగాలో ఆవిడ. పద్నాలుగేళ్ళలో ఆ రివాల్వర్ పేలింది రెండే రెండుసార్లు. మొదటిసారి తోక గలగలలాడించే గిలకపాము మీద పేల్చితే పాము దారిన పాము పోయింది, సొంత బకెట్టుకు చిల్లి పడింది. రెండోసారి రైతుల పునీతుడు ఇసిద్రో పండగనాడు సంబరానికి ఆకాశంలోకి పేల్చింది. ఇంట్లో కోళ్ళు అలిగి వారం రోజులు గుడ్డు పెట్టలేదు.

డెల్ఫీనా ఊరి కాలువకు నీరటి. ఇరవైమూడు కుటుంబాల ఆయకట్టు. ఎవరి తూము ఎప్పుడు తెరవాలో, ఎన్ని గంటలకు మూయాలో చెప్పేది ఆవిడే. వంతు దాటి తెరిచినవాడి తూముకు అడ్డుపలక దించి, గొలుసు చుట్టి, తాళం వేసేదీ ఆవిడే. ఆ పదవికి కుర్చీ లేదు, బల్ల లేదు. ఉన్నదల్లా ఒక తోలు బెల్టు. కుడివైపు ఒరలో తుపాకీ, దానికి బెత్తెడు ముందు ఇనుప రింగుకు వేలాడే తాళం చెవి. బెల్టు అసలు ఆవిడది కాదు, మొగుడు బెలార్మీనోది. ఆయన నడుము కొలతకు చేయించింది గనక, ఆవిడ మేకుతో ఇంకో ఏడు బెజ్జాలు పొడుచుకుని కట్టుకుంది. మిగిలిన కొస వెనకాల తోకలా ఊగుతుంటుంది. న్యూ మెక్సికోలో తుపాకీ దాచుకుని తిరగాలంటే కాగితం కావాలి, నలుగురికీ కనిపించేలా కట్టుకుంటే ఏ కాగితమూ అక్కర్లేదు. అందుకని ఆ తోకను గానీ తుపాకీని గానీ ఎవరూ ఏమీ అనలేదు.

బెల్టు ఆయన నడుం మీంచి ఆవిడ నడుం మీదికి మారడానికి ఒక కారణం ఉంది. ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు.

పద్నాలుగేళ్ళ కిందట, ఏరు సన్నబడిపోయిన జూలైలో, మిట్టమధ్యాహ్నం, అప్పటి నీరటి బెలార్మీనో ఎగువ పొలం ఒనోఫ్రే తూము దగ్గరికి వెళ్ళాడు. ఒనోఫ్రే వంతు అయిపోయింది, నీళ్ళు మాత్రం పారుతున్నాయి. మాటా మాటా పెరిగింది. ఒనోఫ్రే చేతిలో పార ఉంది. ఆ పార బెలార్మీనో తల మీద పడింది. కొట్టినవాడే తన బండిలో వేసుకుని ఆస్పత్రికి చేర్చాడు. బెలార్మీనో బతికాడు గానీ ఎడమ చెవి పోయింది, ఆ రోజు జ్ఞాపకం కూడా పోయింది. పొద్దున తాగిన కాఫీ గుర్తుంది, తర్వాత ఆస్పత్రి పైకప్పు గుర్తుంది. మధ్యలో ఏమీ లేదు.

డెల్ఫీనా ఆ సాయంత్రం ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చి వంటింటి తలుపు మూసింది. తలుపు వెనక మేకుకు బెల్టు వేలాడుతోంది, ఒరలో తుపాకీతో సహా.

"వెధవ వేషాలు కాకపోతే! ఇంత గొడవల కాలంలో తుపాకీ ఇంట్లో వదిలేసి వెళ్తాడా మనిషి!" అని అక్కడే నిలబడి గోడను తిట్టింది. ఆ నడుముకు ఆ తుపాకీ కనిపించి ఉంటే ఒనోఫ్రే పార ఎత్తేవాడా? ఎత్తడు గాక ఎత్తడు. మర్నాడు పొద్దున్నే మేకు తీసుకుని బెల్టుకు బెజ్జాలు పొడిచింది.

ఒనోఫ్రే ఆ ఏడాదంతా తన పని పక్కన పెట్టి బెలార్మీనో పొలం దున్నాడు, మిరప నాటాడు, గడ్డి కోశాడు. ఊరి పెద్దలు వేసిన శిక్ష అది. బెలార్మీనో ఏనాడో క్షమించాడు. డెల్ఫీనా మాత్రం ఒనోఫ్రేతో మాట్లాడటం మానేసింది. కానీ నీరటి అన్నాక మాట్లాడకపోతే ఎలా? అందుకని ఒనోఫ్రే కుక్కతో మాట్లాడేది.

"కనేలో! రేపు పొద్దున తొమ్మిదికి పలక దించాలని మీ యజమానితో చెప్పు."

"కనేలో, అలాగేనని చెప్పవే," అనేవాడు ఒనోఫ్రే, రెండడుగుల దూరంలో టోపీ చేత్తో పట్టుకుని.

పద్నాలుగేళ్ళలో మూడు కుక్కలు మారాయి. ఆవిడ తడబడకుండా ఒనోఫ్రే మూడింటికీ కనేలో అనే పెట్టాడు.

ఇలా ఉండగా రెండేళ్ళ కిందట టెక్సాస్ నుంచి ప్రూయిట్ అనే రిటైరైన పెద్దమనిషి వచ్చి దిగువన పొలం కొన్నాడు. మంచివాడే. ఊరికొచ్చిన మొదటి వారం ఇంటింటికీ తేనె సీసా పంచాడు. కాకపోతే ఆయన నడుముకూ ఒక పిస్తోలు ఉండేది, కొత్తది, నల్లది. "మన డెల్ఫీనాను చూసి నేర్చుకున్నాడ్రా," అని ఊళ్ళో నవ్వుకున్నారు.

ఈ ఏడు జూన్‌లో మంచు తొందరగా కరిగిపోయి కాలువ మోకాలి లోతుకు పడింది. ఒక పొద్దున పది గంటలకు డెల్ఫీనా వెళ్ళేసరికి ప్రూయిట్ తూము నోరు తెరుచుకుని ఉంది. ఆయన వంతు పొద్దు పొడుపుతో సరి. తర్వాతి వంతు సెలెస్తీనోది, కింద ఆయన మిరపతోట తలలు వాల్చేసింది.

"ఇంకొక్క గంట మేడమ్," అన్నాడు ప్రూయిట్.

"నీళ్ళని గంట అప్పడగడానికి అవేమన్నా పక్కింటి పంచదారా? నీ వంతు అయిపోయిందయ్యా."

"ఎవరు చెప్పారండీ?"

"రెండొందల ఏళ్ళ కిందట మా ముత్తాతలు చెప్పారు. నువ్వు కాస్త ఆలస్యంగా వచ్చావు, వినపడలేదు."

"నా పొలంలో నా తూముకు మీరు తాళం వేస్తారా? వెయ్యండి చూద్దాం!"

"చూస్తూనే ఉండు," అని డెల్ఫీనా కుడిచెయ్యి నడుముకు పోనిచ్చింది.

ప్రూయిట్ చెయ్యి కూడా నడుముకు పోయింది.

ఆయన పిస్తోలు ఒరలోంచి సగం పైకి వచ్చింది. డెల్ఫీనాకు ఆ నల్ల లోహం మీద ఎండ మెరవడం కనిపించింది, ఆయన పై పెదవి మీద చెమట కనిపించింది. ఆవిడ రెండు వేళ్ళతో పట్టుకున్నదాన్ని మెల్లగా పైకెత్తి చూపించింది.

"తాళం చెవి," అంది.

ప్రూయిట్ గట్టు మీద చతికిలబడ్డాడు. డెల్ఫీనా పలక దించి, గొలుసు చుట్టి, తాళం వెయ్యబోతే మూడుసార్లు చెవి పక్కకు జారింది. చివరికి ఆయనే లేచి వచ్చి తాళం కప్ప కదలకుండా పట్టుకున్నాడు. ఆవిడ తిప్పింది. "థాంక్స్ మేడమ్," అన్నాడాయన. ఎందుకు అన్నాడో ఇద్దరికీ తెలియదు.

మధ్యాహ్నానికల్లా కథ ఊళ్ళో రెండు రకాలుగా తిరుగుతోంది. "నా దగ్గర పిస్తోలు లేకపోతే ఆవిడ నన్ను కాల్చేసి ఉండేది," అని కిరాణా కొట్టు దగ్గర ప్రూయిట్. "నా నడుముకు ఇది కనపడబట్టి సగంలో ఆగాడు, లేకపోతే పూర్తిగా తీసేవాడు," అని చర్చి మెట్ల మీద డెల్ఫీనా. కొట్టువాడు రెండూ విని, "తుపాకులు రెండు, ప్రాణాలు రెండు, తాళం చెవి ఒకటి. దాని గొప్ప ఏమీ లేదా?" అన్నాడు. మనవరాలు పగలబడి నవ్వింది. అమ్మమ్మ ఆ రాత్రి ఆ పిల్లకు బీన్స్‌లో మిరపకాయ ఒకటికి రెండేసింది.

కాలువ సంఘం పెద్ద సెలెస్తీనో ఆదివారం పూజ అయ్యాక పాత బడి గదిలో ఆయకట్టువాళ్ళందర్నీ కూర్చోబెట్టాడు. తీర్మానం ఒక్క ముక్క: ఇకమీదట గట్టు మీదికి నీరటి గానీ రైతు గానీ తుపాకీతో రాకూడదు.

డెల్ఫీనా లేచింది. "సరే, వినండి. బెల్టు విప్పమంటే విప్పుతా. కానీ తాళం చెవి ఆ బెల్టుకే ఉంది. రెండూ ఈ బల్ల మీదే పెట్టి ఇంటికి పోతా. వేరే నీరటిని చూసుకోండి."

గది గుసగుసలాడింది. ఎండాకాలం నడుమ ఆ పని నెత్తికెత్తుకునే మొనగాడు అక్కడ లేడు.

"అది కాదు వదినా," అన్నాడు సెలెస్తీనో. "మొన్న ఏమన్నా అయ్యుంటే?"

"మొన్న ఏమీ కాలేదు. ఎందుకు కాలేదు? నా నడుముకు ఇది ఉంది గనక. ఏమన్నా అయింది ఎప్పుడు? ఇది లేనప్పుడు." "మా ఆయన ఆ రోజు దీన్ని ఇంట్లో వదిలి వెళ్ళాడు. నేను సాయంత్రం వచ్చి చూస్తే తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. అది నడుముకు ఉండుంటే ఆయన చెవి ఆయనకే ఉండేది. ఇక మీరే చెప్పండి."

ఇరవైమూడు కుటుంబాలూ పైకప్పులో దూలాలు లెక్కపెట్టాయి. పద్నాలుగేళ్ళుగా ఎవరూ ఎత్తని మాటను ఆవిడే ఎత్తింది.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. ఒనోఫ్రే లేచి నిలబడ్డాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి, టోపీ అంచును వేళ్ళతో తిప్పుతున్నాడు.

"వదినా, తుపాకీ ఆ రోజు ఇంట్లో లేదు."

డెల్ఫీనా కుక్క కోసం చుట్టూ చూసింది. బడి గదిలోకి కుక్కను రానివ్వరు.

"ఆ మేకుకు తగిలించింది నేనే," అన్నాడు ఒనోఫ్రే. "అన్నను ఆస్పత్రి గుమ్మం దాకా తీసుకెళ్తే, అక్కడి నర్సమ్మ తుపాకీతో లోపలికి రానివ్వనంది. అన్న నడుం మీంచి బెల్టు నేనే విప్పి బండిలో పడేశాను. సాయంత్రం మీ ఇంటికి తెచ్చాను. తలుపు తీసే ఉంది, నువ్వు ఇంకా రాలేదు. మేకుకు తగిలించి వెళ్ళిపోయాను."

"అబద్ధం," అంది డెల్ఫీనా, నెమ్మదిగా.

"తుపాకీ అన్న నడుముకే ఉంది వదినా. ఉంది గనకే కొట్టాను. మాట పెరిగింది, అన్న చెయ్యి నడుముకు పోయింది. నేను చచ్చాననుకున్నాను. పార వేసేశాను." ఆయన టోపీ తిప్పడం ఆపాడు. "బండిలోకి ఎత్తుతుంటే చూశాను. అన్న పిడికిట్లో తాళం చెవి ఉంది."

ప్రూయిట్ తన అరచేతుల్ని చూసుకుంటున్నాడు.

డెల్ఫీనా బల్ల మీద చెయ్యి వేసింది. "పద్నాలుగేళ్ళు! ఇన్నేళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగిందెప్పుడూ కనేలోనే కదా. దానికి తెలీదు."

ఎవరో పుసుక్కున నవ్వి దగ్గుగా మార్చుకున్నారు. ఒనోఫ్రే నవ్వలేదు. "ఆయన దగ్గర తుపాకీ ఉంది అంటే, చేసిన దానికి సాకు చెప్తున్నాడంటారని ఊరుకున్నాను వదినా. అంతే."

ముందు వరసలో బెలార్మీనో కుడి చెవి అటు తిప్పి, "ఏమంటున్నాడు? ఏమంటున్నాడే?" అన్నాడు.

డెల్ఫీనా వంగి ఆయన మంచి చెవిలో గట్టిగా చెప్పింది: "ఆ రోజు నీ దగ్గర తుపాకీ ఉందట!"

బెలార్మీనో ఆలోచించాడు. "మరి నేనెందుకు కాల్చలేదు?"

"నువ్వు తాళం వెయ్యడానికి వచ్చావన్నా," అన్నాడు ఒనోఫ్రే. "కాల్చడానికి కాదు."

"ఆఁ. నిజమే అయ్యుంటుంది," అన్నాడు బెలార్మీనో, అదేదో పక్కూరి మనిషి సంగతైనట్టు.

సెలెస్తీనో గొంతు సవరించుకుని, తీర్మానానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి అన్నాడు. బెలార్మీనో అప్పుడే ఎత్తాడు. డెల్ఫీనా ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఆగండి. ఇప్పుడే ఎవరూ ఏమీ ఎత్తకండి. అందరి వంతులూ ఒక్క చుట్టు తిరిగేదాకా నాకు గడువివ్వండి. పన్నెండు రోజులు. తుపాకీ లేకుండా తిరిగి చూస్తా. ఏమవుతుందో నాకే తెలియాలి." ఆవిడ రింగులోంచి తాళం చెవి ఊడదీసి, మెడలో ఇసిద్రో బిళ్ళ వేలాడే తాడుకు గుచ్చుకుంది. "ఏమయ్యా ప్రూయిట్, నీది కూడా మేకెక్కించు."

"మా ఇంట్లో మేకు లేదండీ."

"మేకు నేనిస్తా."

ఆ పన్నెండు రోజుల సంగతులు మనవరాలు గింజల పాకెట్ల వెనక రాసిపెట్టింది. రాయమన్నది అమ్మమ్మే. ఆవిడ ఏ విషయమైనా అటో ఇటో తేల్చి పారేసే మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం కొత్త కోడిపిల్లను చూసినట్టు తిప్పి తిప్పి చూసింది.

మొదటి రోజు కుడివైపు బరువు లేక ఎడమకు ఒరిగి నడిచింది. "తాగొచ్చావా అమ్మమ్మా?" అంటే చెంప మీద ఒకటి పడింది.

రెండో రోజు నుంచి ఊరు మారింది. తుపాకీ ఉన్నప్పుడు తూము దగ్గర ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కారు. "అలాగే అలాగే" అనేవాళ్ళు, ఆవిడ మలుపు తిరగ్గానే పలక మళ్ళీ లేచేది. ఇప్పుడు బయటికొచ్చి అరిచారు. నాలుగేళ్ళ కిందట తక్కువైన అరగంట గురించి ఒకావిడ పావుగంట తిట్టింది. తిట్టి, కాఫీ ఇచ్చి, పలక తనే దించింది. ఆ అరగంట సంగతి డెల్ఫీనాకు అసలు తెలియనే తెలియదు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?" అంటే, "నడుముకు అది పెట్టుకుని అడిగితే ఎవరు చెప్తారే?" అంది.

అలాగని అంతా పాలూ తేనే కాదు. అయిదో రోజు గిలకపాము దారి మధ్య చుట్ట చుట్టుకుంది. అది లేచి వెళ్ళేదాకా ఆవిడ అరగంట నిలబడింది, సెలెస్తీనో తోటకు నీళ్ళు అరగంట ఆలస్యమయ్యాయి. ఆయన విసుక్కుంటే, "తీర్మానం నీదే కదా, వెళ్ళి పామును చేతులెత్తమను," అంది.

తొమ్మిదో రోజు చెప్పుకోదగ్గది. దిగువన, ఇళ్ళు లేని మలుపు దగ్గర, ఎవడో పరాయివాడు బండి నిండా చెత్త తెచ్చి కాలువలోకి దొర్లిస్తున్నాడు. వద్దంటే మీదికి వచ్చాడు, ఒకడుగు, రెండడుగులు. చుట్టూ మైలు దూరంలో మనిషి లేడు. డెల్ఫీనా చెయ్యి నడుముకు పోయింది. అక్కడేమీ లేదు. వాడు ఆ చేతిని చూశాడు, ఖాళీ నడుమును చూశాడు, నవ్వాడు. మిగిలిన చెత్త కూడా దొర్లించి వెళ్ళిపోయాడు. ఆవిడ ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే కూర్చుంది. "తుపాకీ ఉంటే ఏమయ్యేది అమ్మమ్మా?" అని అడిగితే, "వాడు పారిపోయేవాడు. లేకపోతే వాడి బండిలోంచీ ఒకటి దిగేది. ఏదో నాకెలా తెలుస్తుంది? రాసుకో, తెలీదని," అంది.

ప్రూయిట్ మూడు రోజులు పిస్తోలు లేకుండా వచ్చాడు. నాలుగో రోజు కట్టుకొచ్చి నక్క తిరుగుతోందన్నాడు. ఏడో రోజు మళ్ళీ లేకుండా వచ్చి, మేకు గట్టిగానే ఉందన్నాడు. నక్క జాడ ఊళ్ళో ఇంకెవరికీ కనిపించలేదు.

పదో రోజు పొద్దున డెల్ఫీనా ఎగువ తూము దగ్గర ఆగింది. కనేలో లేచి తోక ఊపింది. ఆవిడ కుక్కను దాటి, గుమ్మంలో నిలబడ్డ మనిషి వైపు చూసింది.

"మరిదీ, రేపు తొమ్మిదికి పలక దించాలి."

ఒనోఫ్రే టోపీ తీశాడు, ఏం చెయ్యాలో తోచక మళ్ళీ పెట్టుకున్నాడు. "అలాగే వదినా."

కుక్క మాత్రం చాలా చిన్నబుచ్చుకుంది.

చుట్టు ముగిశాక సెలెస్తీనో ఇంటికొచ్చి తీర్పు అడిగాడు. డెల్ఫీనా పొయ్యి మీద టోర్టియా రొట్టె తిప్పుతూ చెప్పింది: "తాళం చెవి మెడలోనే ఉంటుంది, ఇక నడుం జోలికి పోదు. మనుషులుండే తూముల దగ్గరికి ఒట్టి చేతులతో వెళ్తా. ఇళ్ళు లేని దిగువ మలుపుకు మాత్రం బెల్టు కట్టుకుంటా. దీనికి చేతులెత్తుతారో కాళ్ళెత్తుతారో మీ ఇష్టం."

"ఇటు సగం అటు సగం అంటే తీర్మానంలో ఎలా రాయను వదినా?"

"మా మనవరాల్ని అడుగు. అది దేన్నైనా రాస్తుంది."

అలా ఈ కాగితాలు పుట్టాయి. నిన్న పొద్దున వంటింట్లో, తలుపు వెనక మేకుకు బెల్టు వేలాడుతుండగా, మనవరాలు ఏరు కొండెక్కడం దగ్గర్నుంచి మొత్తం చదివి వినిపించి, ఎలా ఉందమ్మమ్మా అని అడిగింది.

డెల్ఫీనా చేతుల పిండి దులుపుకుంది.

"పద్నాలుగేళ్ళు తుపాకీ కట్టుకున్నా నీళ్ళు పల్లానికే పోయాయి. పన్నెండు రోజులు కట్టుకోకపోయినా పల్లానికే పోయాయి. ఏరు కొండెక్కిందన్న ముక్క కొట్టెయ్. కొట్టేసి బూట్లు వేసుకో. తొమ్మిది కావస్తోంది, ఒనోఫ్రే పలక దించాడో లేదో చూసిరా."